అమ్మకు వెన్నులో స్క్రూలు వేయాలంటున్నారు, వేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి

గోదారిగట్టు
14 జూన్, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. అమ్మకు 61 ఏళ్లు. నడుం నొప్పి రెండేళ్ల నుంచి ఉంది, ఈ సంక్రాంతి తర్వాత కాళ్లకూ పాకింది. వంద అడుగులు వేసేసరికి పిక్కలు బరువెక్కిపోయి ఎవరి అరుగు కనిపిస్తే వాళ్ల అరుగు మీద కూలబడుతుంది. నిమిషం కూర్చుంటే మళ్లీ మామూలే. విచిత్రం ఏంటంటే, కూరలబ్బాయి బండి అంచు పట్టుకుని ముందుకు వంగి నడిస్తే మాత్రం వీధి చివరిదాకా వెళ్లి వచ్చేస్తుంది. మొదట్లో మేం నవ్వాం, బేరం మీద ఉన్న ఓపిక నడక మీద లేదని.

ఎమ్మారై తీయించాం. నడుం పూసల్లో ఎల్ 4 అనేది కిందున్న ఎల్ 5 మీద ముందుకు జారిందట, గ్రేడ్ 1, అంటే జారుడు కొద్దిగానే. అక్కడే నరాల దారి బాగా ఇరుకైపోయిందట. సర్జన్ గారు 4 స్క్రూలు, 2 రాడ్లు, పూసల మధ్య పెట్టే చిన్న బుట్టలాంటి కేజ్ ఒకటి అన్నారు. ఆపరేషన్ ఖర్చు వేరు, ఇంప్లాంట్ ఖర్చు వేరు. దేశీ సెట్ అయితే 45 వేలు, ఫారిన్ సెట్ అయితే లక్షా 30 వేలు, సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు.

మా సందేహాలు. ఏ సెట్ తీసుకోవాలి? జీవితాంతం ఒంట్లో ఇనుము ఉంటే ఏమీ కాదా? తర్వాత విరిగితే? అమ్మ ఒకటే అంటోంది, "ఎముకల్లో మేకులు కొట్టించుకుని మంచాన పడేకంటే ఇలాగే కూర్చుంటూ లేస్తూ బతికేస్తాను" అని.

ఆరుస్క్రూలు
14 జూన్, రాత్రి 10:15

ముందు అమ్మగారికి నా పేరు చెప్పండి. నా నడుంలో 6 ఉన్నాయి, ఆరేళ్లయింది. నిన్న గుంటూరు నుంచి హైదరాబాద్ బస్సులో కూర్చునే వచ్చాను. మంచాన పడలేదు.

మేకులు కొట్టరండీ, మర తిప్పి ఎక్కిస్తారు. లోపల ఉన్నట్టు రోజూ తెలుస్తుందా అని అందరూ అడుగుతారు. తెలియదు. మొదటి చలికాలం మాత్రం తెల్లవారుజామున నడుం బిగుసుకుపోయేది. ఇప్పుడు నాకు గుర్తొచ్చేది ఒక్కచోటే, సూది కిందపడితే తీయాల్సి వచ్చినప్పుడు. నడుం వంచను, మోకాళ్లు వంచి కూర్చుని తీస్తాను. మా మనవరాలు నన్ను చూసి అలాగే తీస్తోంది, అదొక్కటే సైడ్ ఎఫెక్ట్.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్తాను. కాళ్ల నొప్పి మత్తు దిగిన సాయంత్రానికే పోయింది. నడుం నొప్పి పూర్తిగా పోలేదు, పదికి ఎనిమిది ఉండేది రెండు మూడుకు దిగింది. నాకు ముందే సర్జన్ గారు చెప్పారు, "కాలికి గ్యారంటీ ఇవ్వగలను, నడుముకు ఇవ్వలేను" అని. ఆ మాట ముందే వినడం వల్ల నిరాశ పడలేదు.

వైద్యమూర్తి
14 జూన్, రాత్రి 10:31

[ఈ పోస్టును తొలగించాం. తైలం అమ్మకాలు ఇక్కడ కుదరవు. మోడరేటర్]

లేత్‌మిషన్
14 జూన్, రాత్రి 11:08

నేను డాక్టర్ని కాదు, బాలానగర్‌లో మెషిన్ షాపులో పాతికేళ్ల అనుభవం. "ఇనుము" అన్నారు కాబట్టి చెప్తున్నా, అది ఇనుము కాదు. ఎక్కువగా వాడేది టైటానియం మిశ్రమం. సుమారు 90 పాళ్లు టైటానియం, 6 పాళ్లు అల్యూమినియం, 4 పాళ్లు వెనేడియం. దాని ఒంటి మీద సన్నటి ఆక్సైడ్ పొర దానంతట అదే కడుతుంది, గీరుకుపోయినా మళ్లీ కట్టేస్తుంది. అందుకే ఉప్పునీళ్లలాంటి ఒంట్లో ఏళ్ల తరబడి తుప్పు పట్టదు. పైగా దాని బిగువు స్టీలులో సగమే, ఎముకకు కాస్త దగ్గరగా ఉంటుంది.

ఇక విరగడం గురించి. విడి కరెంటు తీగ ముక్కను చేత్తో అటూ ఇటూ వంచుతూ ఉండండి. ఒక్క వంపుకు ఏమీ కాదు, ఇరవయ్యో వంపుకు టప్పున తెగుతుంది. లోహం అలసిపోవడం అంటే అదే. రాడ్ లావు సాధారణంగా 5.5 మిల్లీమీటర్లు, పెన్సిల్ కంటే సన్నం. మనిషి రోజుకు 5 వేల అడుగులు వేస్తాడనుకుంటే ఏడాదికి 18 లక్షలు దాటుతాయి. ప్రతి అడుగుకీ ఆ రాడ్ వెంట్రుకవాసి వంగి లేస్తుంది. ఏ లోహమైనా ఎన్నాళ్లు మోస్తుంది? కాబట్టి జీవితాంతం మోసేది అది కాదు. ఈలోపు ఎముక అతుక్కోవాలి. అతుక్కుంటే రాడ్‌కి పనే లేదు.

స్లాబ్ వేసినప్పుడు కింద సెంట్రింగ్ కర్రలు పెడతారు చూశారా, అలాంటిది. సెట్ అయ్యాక తీసేస్తాం. ఇక్కడ తీయడానికి మళ్లీ కోయాలి కాబట్టి అలాగే వదిలేస్తారు.

ఓటీలైటు
15 జూన్, ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా. పదకొండేళ్లుగా ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ని. లేత్‌మిషన్ అన్న సెంట్రింగ్ పోలిక నేనిక రోజూ వాడుకుంటా.

లోపల జరిగేది చెప్తాను, తెలిస్తే భయం తగ్గుతుంది. పేషెంటును బోర్లా పడుకోబెడతాం, పొట్ట నొక్కుకోకుండా ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెట్టి. పొట్ట నొక్కుకుంటే రక్తం ఎక్కువ పోతుంది. ప్రతి పూసకూ ముందున్న దిమ్మనీ వెనకున్న రెక్కల్నీ కలుపుతూ కుడి ఎడమల రెండు ఎముక కాడలు ఉంటాయి. పెడికిల్ అంటారు. నడుం దగ్గర చిటికెన వేలంత లావు ఉంటాయి. స్క్రూ వెళ్లేది ఆ కాడ లోపలినుంచే. లోపలి గోడ దాటితే నరాలు. అందుకే ముందు మొద్దు మొన ఉన్న పనిముట్టుతో దారి చేసి, సన్నటి కడ్డీ దింపి నాలుగు గోడలూ అడుగూ తడిమి చూస్తారు. అడుగున మెత్తగా తగిలితే సర్జన్ ముఖం మారుతుంది, దారి మార్చుకుంటారు. సి-ఆర్మ్‌లో ఎక్స్-రే చూసుకుంటూ స్క్రూ ఎక్కిస్తారు.

ఆ తర్వాత నరాల మీద ఒత్తుతున్న ఎముకను తీసేసి, పాడైన డిస్కును గీకేస్తారు. ఆ తీసిన ఎముకను పారేయరు. నేనే దాన్ని శుభ్రం చేసి, కొబ్బరి కోరులా ముక్కలు చేసి ఇస్తాను. అదే కేజ్‌లో కూరి పూసల మధ్య పెడతారు. చివరికి స్క్రూ తలల్లో రాడ్ కూర్చోబెట్టి, పైన చిన్న నట్లు బిగిస్తారు. ఇంత బిగువు రాగానే చేతిలోని రెంచి టక్‌మంటుంది. 4 నట్లు, 4 టక్‌లు. అది విన్నాకే నేను సూదీ దారం లెక్క మొదలుపెడతా.

దేశీనా ఫారినా అనేది నేను చెప్పను. రెండూ చూశాను, రెంటిలోనూ బాగున్నవాళ్లని చూశాను. సర్జన్ ఏ సెట్‌తో రోజూ చేస్తున్నారో అడగండి. చెయ్యి తిరిగిన సెట్ వేరు, కొత్తగా తెప్పించిన సెట్ వేరు.

బిల్లు విషయం ఒకటి. చాలాచోట్ల సెట్ మొత్తం ట్రేలో వస్తుంది, రకరకాల సైజులు. మేం ఆటోక్లేవ్ చేస్తాం, అంటే ఆవిరితో క్రిములు చంపుతాం. వాడినవి వాడగా మిగిలినవి తిరిగి వెళ్తాయి. కాబట్టి వాడినవాటి సైజులూ బ్యాచ్ నంబర్లూ డిశ్చార్జి కాగితంలోనో బిల్లులోనో రాయించుకోండి. విడిగా ప్యాక్ చేసినవైతే స్టిక్కర్లు వస్తాయి, ఒకటి మీ ఫైల్లో అంటించమనండి. పదేళ్ల తర్వాత ఒక స్క్రూ తీయాల్సి వస్తే దాని తలలో ఏ కంపెనీ స్క్రూడ్రైవర్ పడుతుందో తెలియక మేం పడే పాట్లు పగవాడికి కూడా వద్దు.

నెల్లూరుకేసరి
15 జూన్, ఉదయం 7:55

బిల్లు మాట వచ్చింది కాబట్టి. మా బావగారికి చేసినప్పుడు బిల్లులో 6 స్క్రూలు వేశారు. ఇంటికొచ్చాక ఎక్స్-రే ట్యూబులైటుకు పెట్టి చూస్తే 4. రెండుసార్లు లెక్కపెట్టాం, తిప్పి కూడా లెక్కపెట్టాం. వెళ్లి అడిగితే "రెండు సైజు సరిపోక మార్చారు, వాడినట్టే లెక్క" అన్నారు. నిజంగానే మార్చారేమో, ఆపరేషన్ నోట్‌లో మాత్రం ఆ ముక్క లేదు. గొడవ పడితే ఒకదాని డబ్బు తగ్గించారు. ఊరూ పేరూ వద్దులెండి. ఎక్స్-రేలో స్క్రూలు లెక్కపెట్టడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు.

గోదారిగట్టు
15 జూన్, ఉదయం 8:30

@ఓటీలైటు గారూ, మీది చదివి వినిపిస్తే అమ్మ "కొబ్బరి కోరు" దగ్గర ఆపమంది. కానీ తర్వాత తనే అడిగింది, "నా ఎముకే నాకు పెడతారా?" అని. కాస్త మెత్తబడినట్టుంది.

స్టెంట్లకు గవర్నమెంటు రేటు కట్టింది కదా, వీటికి లేదా?

డాలస్‌అక్క
15 జూన్, ఉదయం 9:10

లేదు తమ్ముడూ. స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో గరిష్ఠ ధర కట్టారు. మా అత్తగారికి మోకాళ్లు అప్పుడే చేయించాం కాబట్టి బాగా గుర్తు. వెన్నెముక స్క్రూలు ఆ రెండు ఉత్తర్వుల్లోనూ లేవు. అందుకే బేరం ఆడండి, సిగ్గుపడొద్దు. ప్యాకేజీలో ఇంప్లాంట్ కలుపుకుని ఇంత అని కాగితం మీద రాయించుకోండి.

ఎయిర్‌పోర్టు గురించి ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్నా, నా మెడలో ప్లేటు ఉంది. ఒకచోట కూస్తుంది, ఒకచోట కూయదు. డాక్టర్ ఇచ్చిన కార్డు చూపిస్తే వదిలేస్తారనుకోకండి, చేత్తో తడిమి చూసే పంపుతారు. అలిపిరిలో కూడా అంతే. పది నిమిషాలు ముందు వెళ్తే సరి.

ఫిల్మ్‌రూమ్
15 జూన్, మధ్యాహ్నం 2:47

రేడియాలజీ పీజీని. అందరూ ఏ సెట్ అని మాట్లాడుతున్నారు. అసలు సెట్ కావాలా అని ఎవరూ అడగలేదు.

అమ్మగారి లక్షణాలు (కూర్చుంటే, వంగితే తగ్గడం, బండి పట్టుకుని నడవగలగడం) నరాల దారి ఇరుకుకు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది. ఇబ్బంది పెడుతున్నది ఇరుకు. ఆ ఇరుకును స్క్రూలు లేకుండా కూడా వెడల్పు చేయొచ్చు. మరి జారిన పూసను బిగించాలా వద్దా? దీని మీద సర్జన్లే ఏళ్లుగా కొట్టుకుంటున్నారు.

2016లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వచ్చాయి. స్వీడన్‌లో 247 మంది మీద చేసినదాంట్లో, వెడల్పు చేసి వదిలేసినవాళ్లకూ వెడల్పు చేసి బిగించినవాళ్లకూ రెండేళ్ల తర్వాత తేడా కనబడలేదు. అమెరికాలో 66 మంది మీద, అందరూ గ్రేడ్ 1 జారుడువాళ్లే, చేసినదాంట్లో బిగించినవాళ్లకు కొంచెం మెరుగు. నాలుగేళ్లలో మళ్లీ ఆపరేషన్ పడింది బిగించినవాళ్లలో నూటికి 14 మందికి, బిగించనివాళ్లలో 34 మందికి. తర్వాత 2021లో నార్వే నుంచి 267 మందితో ఇంకొకటి వచ్చింది. రెండు వర్గాల్లోనూ నూటికి 70 మందికి పైగా బాగుపడ్డారు, తేడా లేదన్నట్టే.

అంటే అందరికీ బిగించక్కర్లేదు, ఎవరికీ వద్దనీ కాదు. ఆ పూస కదులుతోందా లేదా అన్నది పెద్ద ప్రశ్న. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, పడుకుంటే పూస వెనక్కి సర్దుకుని మంచి పిల్లలా ఉంటుంది. నిలబెట్టి ముందుకు వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి ఎక్స్-రే తీయాలి. మామూలు ఎక్స్-రేనే, పెద్ద ఖర్చు కాదు. తీశారా?

రెండోది, ఎముక సాంద్రత చూశారా? 61 ఏళ్ల ఆడమనిషి, చూడకుండా స్క్రూ వేయకూడదని నా అభిప్రాయం.

గోదారిగట్టు
15 జూన్, మధ్యాహ్నం 3:20

రెండూ తీయలేదండీ. సోమవారం అవే అడుగుతాను.

సిక్కోలు
15 జూన్, సాయంత్రం 6:02

మా అమ్మది కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఏడాదికి నడుం నొప్పి మళ్లీ మొదలైంది. ఎక్స్-రే తీస్తే కింది రెండు స్క్రూల చుట్టూ నల్లటి అంచు, గూట్లోంచి గుంజ కదిలినట్టు. డాక్టరు గారు ఎముక అతుక్కోలేదన్నారు. షుగరు లేదు, బరువు ఎత్తలేదు. "పొగ తాగుతారా" అని అడిగితే మా నాన్న నొచ్చుకున్నారు, ఆడమనిషిని పట్టుకుని అదేం ప్రశ్న అని. నేను తలవంచుకున్నాను. అమ్మకు అడ్డపొగ అలవాటు. మా వైపు పెద్ద ఆడవాళ్లలో చాలామందికి ఉంది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. ఆపరేషన్ ముందు ఫారంలో "పొగ: లేదు" అని రాసింది నేనే. పరువు పోతుందని.

నికోటిన్ ఉంటే కొత్త ఎముక కట్టడం కష్టమట. ముందే నిజం చెప్పి ఉంటే మాన్పించాకే చేసేవాళ్లు. రెండోసారి స్క్రూలు మార్చి లావువి వేశారు, తుంటి నుంచి ఎముక తీసి పెట్టారు. ఇప్పుడు బాగుంది. చుట్ట మానేసింది, కానీ పొద్దున్నే లేచి అరుగు మీద కూర్చుని చెయ్యి తడుముకుంటూ ఉంటుంది, దేనికో తెలియనట్టు.

ఓటీలైటు
15 జూన్, సాయంత్రం 6:40

@సిక్కోలు, ఇది రాయడానికి ధైర్యం కావాలి. మీరొక్కరే కాదు. మా ఫారాల్లో ఆ గడిలో ఆడవాళ్లందరికీ "లేదు" అని అడక్కుండానే కొట్టేస్తారు.

పాతపుస్తకం
15 జూన్, రాత్రి 9:30

సిక్కోలు గారి అమ్మగారికి జరిగింది వైద్యానికి 60 ఏళ్ల కిందటే ఎదురైన పాఠం. పూసల్ని అతికించడం 1911లోనే న్యూయార్క్‌లో మొదలైంది. హిబ్స్, ఆల్బీ అని ఇద్దరు, ఎవరి పద్ధతిలో వాళ్లు. అప్పుడు లోహం లేదు. ఆల్బీ కాలి ఎముక నుంచి ముక్క తీసి పెట్టేవాడు. క్షయతో కరిగిపోయిన వెన్నుల కోసం చేసేవారు, తర్వాత పిండికట్టుతో నెలల తరబడి పడక.

పోలియోతో వెన్ను వంకర తిరిగిన పిల్లల కోసం టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ కొక్కేలూ స్టీలు కడ్డీ తయారుచేశాడు. 1962లో ప్రచురించాడు. మొదట్లో ఎముక అతికించకుండా కడ్డీ మాత్రమే పెట్టేవాడు. కొక్కేలు జారేవి, కడ్డీలు విరిగేవి. తర్వాత అతికించడం కూడా కలిపాకే నిలబడ్డాయి. లేత్‌మిషన్ గారి సెంట్రింగ్ కర్రలు!

కడ్డీని పైనా కిందా కొక్కెంతో పట్టడం కాదు, ప్రతి పూసకూ తీగతో కట్టాలన్నది మెక్సికోలో లూకే ఆలోచన, 1970ల్లో. పెడికిల్ లోంచి స్క్రూ వేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో రోయ్-కమీ 1960ల్లో మొదలుపెట్టాడు. కేజ్ కథ ఇంకా తమాషా. అమెరికాలో బాగ్బీ అనే ఆయన మెడపూసల జబ్బుతో తూలిపడే గుర్రాల కోసం చిల్లుల స్టీలు బుట్ట చేశాడు. మనుషుల రకానికి అమెరికాలో అనుమతి వచ్చింది 1996లో. గోదారిగట్టు గారూ, గుర్రం సంగతి అమ్మగారికి చెప్పకండి.

మన దగ్గర పేరు చెప్పుకోవాలంటే వారణాసిలో ఎస్.ఎం. తూలీ. వెన్ను క్షయ అనగానే కోయక్కర్లేదు, ముందు మందులిచ్చి చూద్దాం, నరాలు దెబ్బతింటుంటేనో మందులకు లొంగకపోతేనో కోద్దాం అన్నాడు. 1975లో రాశాడు. "మధ్యే మార్గం" అని దానికి పేరు. ఇప్పటికీ పాఠాల్లో ఉంది.

లేత్‌మిషన్
15 జూన్, రాత్రి 9:52

గుర్రం కథ అదిరింది. రేపు షాపులో చెప్తా.

నల్లగొండపోరడు
15 జూన్, రాత్రి 11:25

మా నాయనది వేరే కథ. మర్రిగూడ వైపు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు, ఫ్లోరైడు. మెడ తిప్పలేడు, మనిషినే తిప్పి చూస్తాడు. కాళ్లు బిగుసుకుపోయి నడక పోతుంటే హైదరాబాద్ తీసుకెళ్లినం. మాకు కూడా స్క్రూలు వేస్తారేమో, డబ్బెట్ల అని భయపడ్డం. సర్జన్ ఫిల్మ్ చూసి, "ఈయన వెన్ను ఇప్పటికే ఒక్క కడ్డీ అయిపోయింది, నేనేం బిగించాలి" అన్నడు. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతుంటే వెనక భాగం తీసేసి దారి చేసిండ్రు, అంతే. స్క్రూ లేదు. ఎముక రాయిలాగ ఉండి మామూలు కంటే చాలా టైం పట్టిందట. నాయన ఇప్పుడు కర్ర సాయంతో పొలం గట్టు దాకా పోతడు.

వెన్ను ఆపరేషన్ అన్నంత మాత్రాన స్క్రూలే అనుకోవద్దని రాస్తున్న.

అడుగడుగు
16 జూన్, ఉదయం 7:15

ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ గురించి అందరూ చెప్పారు, ఇంటి గురించి ఎవరూ చెప్పలేదు. నా పేషెంట్లు ఇరుక్కునేది ఇంట్లోనే.

చేయిస్తే, ఆస్పత్రికి వెళ్లేముందే మంచం ఎత్తు చూడండి. కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకూడదు. మన నవారు మంచాలు పనికిరావు, మధ్యలో గుంట. వెస్ట్రన్ టాయిలెట్ లేకపోతే కుర్చీ కమోడైనా తెచ్చిపెట్టండి. గ్యాస్ పొయ్యి గట్టు మీద ఉంది కదా అని ఊరుకోకండి, పప్పు డబ్బా ఎక్కడుంది? కింది అరలో ఉంటే అమ్మగారు ఎవరూ చూడనప్పుడు వంగుతారు. నేను పందెం కాస్తాను.

మంచం దిగడం ఇప్పటినుంచే నేర్పండి. దుంగ దొర్లినట్టు ఒంటిని మొత్తం పక్కకు తిప్పి, కాళ్లు కిందికి వేలాడేస్తూ, మోచేత్తో లేవాలి. ఆపరేషన్ తర్వాత నొప్పిలో నేర్పితే రాదు. సాధారణంగా మర్నాడో ఆ మర్నాడో నడిపిస్తారు. నడకే వ్యాయామం. కింద కూర్చోవడం, ముగ్గులు, వంగి ఊడవడం మీ సర్జన్ సరే అనేదాకా వద్దు.

ఇంకొకటి, ఆపరేషన్ చేయించినా మానినా. మూత్రం ఆగిపోవడం, తెలియకుండానే మూత్రం పడిపోవడం, కూర్చునే చోట తిమ్మిరి, పాదం ఉన్నట్టుండి లేవకపోవడం, వీటిలో ఏది కనబడినా రేపు చూద్దాం అనొద్దు. అదే రాత్రి ఆస్పత్రికి.

ఆరుస్క్రూలు
16 జూన్, ఉదయం 8:05

పప్పు డబ్బా! మా ఇంట్లో అది ఊరగాయ జాడీ. ఇరవయ్యో రోజున దొరికిపోయాను.

గోదారిగట్టు
18 జూన్, రాత్రి 10:50

సోమవారం వెళ్లొచ్చాం. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను, సర్జన్ గారు చూసి కోపగించుకుంటారేమో అనుకున్నా. ఆయన కాగితం తీసుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ చెప్పారు. నిలబెట్టి ఎక్స్-రే తీశారు. వంగినప్పుడు పూస ఇంకా ముందుకు జారుతోంది, కళ్లకు కనబడుతోంది. రెండు ఫిల్ములూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు. అందుకే బిగించమంటున్నానన్నారు. అది అర్థమైంది.

రెండో దెబ్బ ఎముక సాంద్రత. టీ-స్కోరు మైనస్ 2.9. మైనస్ 2.5కే ఎముకలు గుల్లబారినట్టు లెక్కట. డి విటమిన్ కూడా అడుగంటింది. ఆయనే వెనక్కి తగ్గారు. "మెత్తటి గోడలో మేకు దిగుతుంది కానీ ఆగదు, కాళ్లలో బలం తగ్గనంతవరకు ఆగుదాం" అన్నారు. రోజూ పొట్ట మీద వేసుకునే, ఎముకను గట్టిపరిచే టెరిపారటైడ్ ఇంజెక్షను, కాల్షియం, డి విటమిన్ ఇచ్చారు. మూడు నాలుగు నెలల తర్వాత చేద్దామన్నారు. అప్పటికీ అనుమానంగా ఉంటే స్క్రూ చుట్టూ ఎముక సిమెంటు ఎక్కించే రకం ఉందట.

దేశీ సెట్ అన్నాం. ఆయనే "నేను వారానికి రెండు మూడు వేసేది అదే" అన్నారు. ప్యాకేజీ కాగితం మీద రాయించుకున్నా.

ఫిల్మ్‌రూమ్
18 జూన్, రాత్రి 11:14

కాగితానికి టిక్కులు పెట్టిన సర్జన్‌ని వదులుకోకండి.

తర్వాత ఎప్పుడైనా ఎమ్మారై తీయాల్సి వస్తే భయపడొద్దు. టైటానియాన్ని అయస్కాంతం లాగదు. కానీ స్కాన్ చేసేవాళ్లకు ఇంప్లాంట్ కాగితం ముందే చూపించండి. బొమ్మలో స్క్రూ చుట్టూ నల్లటి మచ్చలు పడతాయి, 3 టెస్లా మెషిన్ కంటే 1.5 టెస్లా మెషిన్‌లో కాస్త తక్కువ (టెస్లా అంటే అయస్కాంతం బలం లెక్క). అతుక్కుందా లేదా చూడటానికి సీటీ మేలు. అదీ ఏడాదికి, నెలకే తొందరపడి కాదు.

సిక్కోలు
19 జూన్, ఉదయం 6:30

ఆగడం మంచిదైంది. మా అమ్మకు ఎవరూ ఆగమనలేదు.

గోదారిగట్టు
9 నవంబర్, సాయంత్రం 7:40

చాలా రోజులైంది, మోడరేటర్ గారు ఈ చర్చను మూయనందుకు థ్యాంక్స్.

నాలుగు నెలలు రోజూ రాత్రి భోజనం ముందు ఇంజెక్షను. ఫ్రిజ్ తలుపులో కొత్తిమీర పక్కన ఆ పెన్ను ఉండేది. మొదటివారం నేను వేశాను, తర్వాత తనే వేసుకుంది, సీరియల్ బ్రేకులో. అక్టోబర్ చివర్లో ఆపరేషన్ అయింది. సిమెంటు అవసరం పడలేదు, స్క్రూ బాగా పట్టిందన్నారు. మర్నాడు మధ్యాహ్నం వాకర్‌తో వార్డు చివరిదాకా నడిచింది. పిక్కల బరువు పోయింది. నడుం నొప్పి ఉంది, కుట్ల దగ్గర సలుపు ఉంది, రాత్రిళ్లు పక్క మారాలంటే విసుక్కుంటోంది.

@నెల్లూరుకేసరి గారూ, ఎక్స్-రే కిటికీకి పెట్టి లెక్కపెట్టాను. 4 స్క్రూలు, 2 రాడ్లు, ఒక కేజ్. బిల్లులోనూ అంతే. @ఓటీలైటు గారూ, బ్యాచ్ నంబర్లు డిశ్చార్జి కాగితం వెనక రాయించాను, ఫోటో కూడా తీసి పెట్టుకున్నా.

@అడుగడుగు గారూ, పప్పు డబ్బా పై అరలోకి వెళ్లింది. కానీ పదో రోజున తులసికోట దగ్గర వంగబోతుంటే పట్టుకున్నాం. కార్తీక దీపాలు వెలిగించకుండా ఎలా అని కన్నీళ్లు పెట్టుకుంది. మా ఆవిడ పిట్టగోడ మీద ఇత్తడి పళ్లెం పెట్టి, దాంట్లో ప్రమిదలు సర్దింది. అమ్మ నడుం ఎత్తుకు సరిగ్గా వచ్చాయి. ఇప్పుడే నిలబడి వెలిగించింది.

అడుగడుగు
9 నవంబర్, రాత్రి 8:05

పిట్టగోడ ఎత్తు బాగుంది. అగ్గిపెట్టె కింద పెట్టలేదు కదా?

గోదారిగట్టు
9 నవంబర్, రాత్రి 8:09

…ఇప్పుడే తీసి పైన పెట్టాను.